రాజా దీన్‌దయాళ్ జీవితం, పాత ఫోటోల సంగతి

(ముత్తుకూరు విచారణ సభ్యుడొకరు)

ఆరవ నిజాము కొలువు ఎలా ఉండేదో, ఫలక్‌నుమా భవనం కొత్తగా ఉన్నప్పుడు ఎలా మెరిసేదో, చార్మినారు చుట్టూ ఎడ్లబండ్లు తిరిగే రోజుల్లో ఆ వీధులు ఎంత విశాలంగా కనబడేవో ఈనాడు మనం ఇంట్లో కూర్చుని చూడగలుగుతున్నాము. దానికి ముఖ్య కారకులు రాజా లాలా దీన్‌దయాళ్ గారు. ఆయన పేరు వినని వారు కూడా ఆయన తీసిన పటాలు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. పాఠ్యపుస్తకాల్లో, పత్రికల్లో, హోటళ్ల గోడల మీద అవి కనబడుతూనే ఉంటాయి. ఆయన గతించి నూట ఇరవై సంవత్సరాలు అయింది. అయినా ఆ పటాలు ఇంకా కొత్తగా అచ్చవుతూనే ఉన్నాయి.

మన సంచికలో ఈయన జీవితం ఎందుకని కొందరు అడగవచ్చును. 1928లో ఏర్పడిన మన నెల్లూరు మేత్రాసనం నూరేళ్ల సంచిక కోసం విచారణలలో పాత ఫోటోలు పోగుచేస్తున్నారు. ట్రంకుపెట్టెల అడుగు నుంచి, అటకల మీది నుంచి, పూజగది గోడల మీది నుంచి వాటిని దించి తెస్తున్నారు. కొన్ని చెదలు తిన్నవి, కొన్ని అద్దానికి అతుక్కుపోయినవి, కొన్ని ముఖాలే కనబడకుండా పసుపు కమ్మినవి. వీటిని కాపీ తీసి మళ్లీ ప్రింటు వేసే పని చాలా ఏళ్లు నా చేతి మీదుగా జరిగింది కనుక సంచిక వారు నన్ను ఒక వ్యాసం రాయమన్నారు. ఆ పనిని గురించి వట్టిగా చెప్పేకంటే, మన దేశంలో ఆ పనికి పెద్దదిక్కుగా నిలిచిన మనిషి జీవితం చెబుతూ చెప్పడమే మేలనిపించింది.

దీన్‌దయాళ్ గారు 1844లో ఉత్తర హిందూస్థానంలో మీరట్ దగ్గర సర్ధానా అనే పట్టణంలో జైన కుటుంబంలో జన్మించారు. సర్ధానా పేరు మన కతోలికులలో కొందరికి తెలిసే ఉంటుంది. బేగం సమ్రూ అనే రాణి కతోలిక మతం స్వీకరించి అక్కడ మేరీ మాత పేర గొప్ప దేవాలయం కట్టించింది. 1961లో దానికి బసిలికా హోదా లభించింది. బేగం 1836లో మరణించింది. ఎనిమిదేళ్ల తరువాత అదే ఊళ్లో దీన్‌దయాళ్ గారు పుట్టారు. ఆ దేవాలయపు గోపురాలూ గుమ్మటమూ చిన్ననాటి నుంచి ఆయన కళ్ల ముందు ఉండి ఉంటాయని నేను అనుకుంటాను. పెద్దయిన తరువాత కట్టడాలను ఫోటో తీయడంలోనే ఆయనకు మొదటి పేరు వచ్చింది.

ఆయన రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇందూరు పట్టణంలో ప్రభుత్వ పనుల శాఖలో చేరారు. ఈ ఇందూరు మన నిజామాబాదు కాదు, మధ్య హిందూస్థానంలోని ఇండోరు. అక్కడ ఆయన ఉద్యోగం ఎస్టిమేట్లు వేయడం, ప్లానులు గీయడం. ఫోటోగ్రఫీ ఆయనకు వంశవిద్యా కాదు, చిన్ననాటి సరదా కూడా కాదు. 1874లో, అంటే ముప్ఫై ఏళ్ల వయసులో, సంసారం ఉద్యోగం ఉన్న మనిషి, కొత్తగా కెమెరా పట్టుకున్నారు. గోడ నిటారుగా ఉందా, వరండా స్తంభాలు వరుస తప్పాయా అని చూసి చూసి అలవాటుపడిన కన్ను కనుక, ఆయన తీసిన కట్టడాల పటాల్లో గీత వంకరపోదు. ప్లాను గీసే చెయ్యి కెమెరాకు బాగా పనికివచ్చింది.

ఆ రోజుల్లో ఫోటో తీయడం ఎంత శ్రమో ఇప్పటి పిల్లలకు చెబితే కథ అనుకుంటారు. ఫిలిము లేదు. గాజు పలక మీద కొలోడియను అనే జిగట ద్రావకం పోసి, పలకను అటూ ఇటూ వంచి సమంగా పరిచి, చీకట్లో వెండి నైట్రేటు నీళ్లలో ముంచి, ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి బొమ్మ తీయాలి. తీసిన వెంటనే మళ్లీ చీకటి డేరాలోకి పోయి డెవలపు చేయాలి. మొత్తం పది పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. ఎండాకాలంలో అంత వ్యవధి కూడా దొరకదు. కనుక ఫోటోగ్రాఫరు ఎక్కడికి పోయినా గాజు పలకలు, సీసాలు, నీళ్లు, డేరా బండి మీద వెంట పోవలసిందే. 1880 ప్రాంతాన ముందే తయారుచేసి డబ్బాలలో పెట్టిన ఎండు పలకలు బజారులోకి వచ్చాక కొంత సుఖం కలిగింది. కానీ ఆ పలకల మీది జెలటిను వేడినీళ్లు తగిలితే మెత్తబడి జారిపోతుంది. అందుకని మన దేశంలో చాలామంది రాత్రిళ్లే డెవలపు చేసుకునేవారు. ఈ బాధ మా తరానికీ కొంత తెలుసు. ఇక్కడ మే నెలలో కుండనీళ్లు లేనిదే డార్క్ రూములో అడుగు పెట్టేవాళ్లం కాము.

మధ్య హిందూస్థానంలో గవర్నరు జనరలు ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీ ఈయన పనితనం చూసి ప్రోత్సహించారు. 1875–76లో వేల్సు యువరాజు మన దేశం వచ్చినప్పుడు ఆయనను ఫోటో తీసే అవకాశం దీన్‌దయాళ్ గారికి దక్కింది. డేలీ తరువాత వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ 1882లో ఆయనను వెంటబెట్టుకుని ఆ ప్రాంతపు ప్రాచీన కట్టడాలన్నీ తిరిగారు. గ్వాలియరు కోట, సాంచీ స్తూపం, ఖజురాహో ఆలయాలు అప్పుడు తీసినవే. అవి 1886లో గ్రిఫిన్ వ్యాఖ్యతో పుస్తకంగా వెలువడ్డాయి. అప్పటికి దీన్‌దయాళ్ గారు ఇంకా సర్కారు నౌకరే. ఆ తరువాత ఉద్యోగం వదిలి ఫోటోగ్రఫీనే పూర్తి వృత్తి చేసుకున్నారు. నిలకడగా జీతం వచ్చే ఉద్యోగం నలభై దాటిన వయసులో వదులుకోవడం తేలిక కాదు.

ఆయనను మన తెలుగు నేలకు రప్పించినవారు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్. 1880ల మధ్య భాగంలో తమ ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించుకున్నారు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో వెలిసింది. ఇక నిజాము గారు వేటకు పోతే దీన్‌దయాళ్, సైన్యం కవాతు చేస్తే దీన్‌దయాళ్, వైస్రాయి విందుకు వస్తే దీన్‌దయాళ్. ఆ మెప్పుదలకు గుర్తుగా నిజాము గారు రాజా బిరుదు, ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రాలు వేసేవాడని అర్థం. నిజాము గారు స్వయంగా ఆయన మీద ఒక పద్యం కూడా చెప్పారంటారు. 1897లో విక్టోరియా మహారాణి కూడా తమ ఫోటోగ్రాఫరుగా నియామకపత్రం ఇచ్చారు. 1896లో బొంబాయిలో మరో స్టూడియో తెరిచారు. కుమారులు జ్ఞానచంద్, ధరమ్‌చంద్ ఇద్దరూ తండ్రి పనిలోనే చేయి కలిపారు. ఎంతోమంది సహాయకులు, ప్రింటు వేసేవారు, టచింగు చేసేవారు, అట్టలకు అంటించేవారు కలిసి పనిచేసిన పెద్ద కర్మాగారం అది.

ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఘోషా స్త్రీలు పరాయి మగవాడి ముందు కూర్చోలేరు కనుక 1892లో హైదరాబాదులో ఆడవారి కోసం వేరుగా జనానా స్టూడియో పెట్టించారు. దాని నిర్వహణ కెనీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించారు. అక్కడికి మగవారికి ప్రవేశం లేదు. ఆ రోజుల్లో స్త్రీల ముఖాలు పటంలోకి ఎక్కడమే అరుదు. ఆడవారికి కూడా తమ పటం ఉండాలని కోరిక ఉంటుందని గుర్తించి దానికి దారి చూపడం నా లెక్కలో పెద్ద పనే. మన ఇళ్లలో తాతల ఫోటోలు దొరికినంతగా నాయనమ్మల, అమ్మమ్మల ఫోటోలు దొరకవు. దొరికినా పెళ్లినాటిది ఒకటి, పక్కన నిలబడి తల దించుకున్నది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దీన్‌దయాళ్ గారి స్టూడియో పటాల అడుగున చూస్తే చిన్న అక్షరాలతో ఒక నంబరు, ఆయన సంతకం కనబడతాయి. చాలా పటాలకు స్థలం పేరు కూడా ఉంటుంది. ఇవి కాగితం మీద రాసినవి కావు, గాజు నెగటివు మీదనే రాసినవి. కనుక ఆ నెగటివు నుంచి ఎన్ని ప్రింట్లు వేసినా అన్నింటి మీదా అవే పడతాయి. పదేళ్ల తరువాత ఎవరైనా వచ్చి ఫలానా నంబరు పటం కావాలంటే ఆ పలక వెతికి తీసి మళ్లీ ప్రింటు వేయవచ్చు. వ్యాపారానికి ఇది సౌకర్యం. కానీ ఆ సౌకర్యం కోసం చేసిన పనే నూరేళ్ల తరువాత చరిత్రకు ఆధారమైంది. బషీర్‌బాగ్ ప్యాలెసు ఇప్పుడు లేదు, కూల్చివేశారు. పేటకు పేరు మాత్రం మిగిలింది. ఆ మేడ ఎలా ఉండేదో దీన్‌దయాళ్ పటం చూసి చెబుతున్నామంటే అది ఫలానా మేడ అని పటం మీద గుర్తు ఉండబట్టే. గుర్తు లేకపోతే అదొక అందమైన మేడ, అంతే. మన సంగతే చూడండి, 2008లో కృష్ణపట్నం ఓడరేవు మొదలైన తరువాత ఆ తీరం రూపే మారిపోయింది. అంతకు ముందటి ఫోటోలు ఎవరి దగ్గరైనా ఉంటే, అది ఏ దిక్కు నుంచి తీసిందో చెప్పగలవారు ఇంకా ఉన్నప్పుడే రాసిపెట్టుకోవాలి.

పాత ఫోటో ఎందుకు పాడవుతుందో తెలిస్తే దాన్ని ఎలా కాపాడాలో తెలుస్తుంది. దీన్‌దయాళ్ గారి కాలపు ప్రింట్లు ఎక్కువగా కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద వేసినవి. ఆ కాగితాన్ని వెండి నైట్రేటులో తేల్చి ఆరబెట్టి, గాజు నెగటివు కింద బిగించి ఎండలో పెట్టేవారు. బొమ్మ కళ్ల ముందే గోధుమరంగులో తేలేది. నెగటివు ఎంత సైజో ప్రింటూ అంతే. పెద్ద పటం కావాలంటే పెద్ద పలకే మోయాలి. కాలం గడిచేకొద్దీ ఆ తెల్లసొన పసుపు తిరుగుతుంది, వెలుగు భాగాలు ముందుగా చెడతాయి. మన ఇళ్లలో ఉన్నవి చాలావరకు ఆ తరువాతి కాలపు బ్రోమైడు ప్రింట్లు. వీటికి జెలటిను పూత ఉంటుంది. హైపోలో వేసిన తరువాత నీళ్లలో బాగా కడగకపోతే మిగిలిన మందు లోపలే ఉండి ఏళ్లు గడిచాక బొమ్మను తినేస్తుంది. తొందరపడి అరగంట కడగవలసింది అయిదు నిమిషాల్లో లాగేసిన ప్రింట్లు నా దగ్గరకు ఎన్ని వచ్చాయో లెక్కలేదు.

దానికితోడు మనది సముద్రపు గాలి. ముత్తుకూరు ప్రాంతంలో ఇనుప మేకే నాలుగేళ్లు నిలవదు, ఇక కాగితం సంగతి చెప్పాలా? గాలిలో తేమ పట్టి జెలటిను ఉబ్బుతుంది, బూజు పడుతుంది, ఫ్రేములో అద్దానికి తాకిన చోట అతుక్కుపోతుంది. అద్దానికి అతుక్కున్న ఫోటోను బలవంతంగా ఊడదీయరాదు. ముక్కు అద్దం మీద, చెవులు కాగితం మీద మిగులుతాయి. అద్దం పైనుంచే కాపీ తీసి, తరువాతనే ఏమి చేసినా చేయాలి. 1984 నవంబరు తుపాను తరువాత తడిసిన ఆల్బములు తెచ్చినవారికి నేను చెప్పింది ఒకటే. తడిగా ఉండగానే చల్లని మంచినీళ్లలో మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టండి. ఎండలో వేయవద్దు, ఒకదాని మీద ఒకటి వేయవద్దు. ఆరిపోయి ముద్దకట్టిన తరువాత తెచ్చినవాటిలో మిగిలింది తక్కువ.

కాపీ తీయడం అంటే ఫోటోకు ఫోటో తీయడం. ఫోటోను గోడకు సమంగా నిలిపి, రెండు పక్కల నుంచీ ఏటవాలుగా రెండు దీపాలు పెట్టి, మెరుపు రాకుండా చూసుకుని తీస్తాము. పసుపు మరక పడితే కెమెరాకు పసుపు ఫిల్టరు పెడతాము. మరక ఏ రంగో ఆ రంగు ఫిల్టరు పెడితే మరక మాయమవుతుంది. బొమ్మే పాలిపోయి పసుపు అయితే దానికి నీలం ఫిల్టరు. అప్పుడు బొమ్మ నల్లగా తేలుతుంది. ఆ కాపీ నెగటివు మీద పెన్సిలుతో టచింగు చేసి, ప్రింటు వేశాక సన్నని కుంచెతో చుక్కలు పూడుస్తాము. ఇప్పుడివన్నీ స్కానరు, కంప్యూటరు చేస్తున్నాయి, మాకన్నా శుభ్రంగానే చేస్తున్నాయి. ఆ మాట ఒప్పుకోవాలి.

అయితే ఒక హెచ్చరిక. టచింగు దీన్‌దయాళ్ గారి స్టూడియోల కాలం నుంచీ ఉన్నదే. ముఖం మీది స్ఫోటకం మచ్చలు నెగటివు మీద పెన్సిలుతో చెరపడం అప్పటి స్టూడియోలన్నింటిలో మామూలు. కానీ మచ్చ చెరపడం వేరు, ముఖం మార్చడం వేరు. ఒకచోట పంచె కండువాతో ఉన్న తాతగారికి కోటు, టై తొడిగి ఇచ్చారు. మనుమడు సంతోషించాడు, కూతురు మాత్రం చూసి మా నాయన కాదు పొమ్మంది. ఇప్పుడైతే కనబడని కన్నును కంప్యూటరే ఊహించి గీసిపెడుతోంది. అది ఎవరి కన్నో దానికి తెలియదు. పోయిన భాగం పోయినట్టే ఉంచి మిగిలినది స్పష్టం చేస్తే అది బాగుచేయడం. లేనిదాన్ని గీస్తే అది కొత్త బొమ్మ. కొత్త బొమ్మ కావాలనుకునేవారు వేయించుకోవచ్చు, కాని అసలు ఫోటోను మాత్రం పారవేయవద్దు. బాగుచేసిన ప్రింటు చేతికి వచ్చింది కదా అని చినిగిన అసలును పొయ్యిలో వేసినవారు మన ఊళ్లోనే ఉన్నారు.

మళ్లీ దీన్‌దయాళ్ గారి దగ్గరకు వస్తాను. 1902లో వైస్రాయి లార్డు కర్జను నిజాము రాజ్యానికి వచ్చి వరంగల్లు దగ్గరి నెక్కొండ అడవుల్లో పులిని వేటాడారు. చచ్చిన పులితో వైస్రాయి దంపతులను నిలబెట్టి తీసిన పటం లోకప్రసిద్ధం. దాని అడుగున ఊరు పేరు ఉంది, దొర పేరు, దొరసాని పేరు ఉన్నాయి. డప్పులు కొట్టి, అరిచి, ప్రాణాలకు తెగించి ఆ పులిని దొర తుపాకి ముందుకు తోలిన మనుషుల పేర్లు ఎక్కడా లేవు. వారు మన తెలుగువారే అయి ఉంటారు. పందొమ్మిదో శతాబ్దం చివరి కరువు సంవత్సరాల్లో నిజాము రాజ్యంలోని ఔరంగాబాదు ప్రాంతాన సర్కారు కరువు పనులు పెట్టినప్పుడు ఆ పనులను కూడా ఈ స్టూడియో వారు ఫోటో తీశారు. డొక్కలు ఎండిన మనుషులు, పనికోసం వచ్చిన ఆడవారు, చంకన పిల్లలు. సర్కారు ఎంత బాగా ఆదుకుంటున్నదో చూపడానికి తీయించినవి అవి. నవాబుగారి పటం ఎంత శ్రద్ధగా తీశారో వీటినీ అంతే శ్రద్ధగా తీశారు, ముఖాలన్నీ స్పష్టంగా ఉన్నాయి. కాని నవాబుకు పేరుంది, ఆ కూలివాడికి లేదు. ఇది దీన్‌దయాళ్ గారి ఒక్కరి తప్పని నేను అనను. తీయించినవారు పేర్లు అడగలేదు, తీసినవారు రాయలేదు, ఆ కాలపు తీరు అది. అయినా ఆయనంతటి జాగ్రత్త మనిషి, ప్రతి పలకకు నంబరు వేసిన మనిషి, ఒక్కొక్క పటంలో ఒక్క కూలి పేరైనా రాసి ఉంటే ఎంత బాగుండేది! బొమ్మ చెడితే బాగుచేయడానికి మందులున్నాయి, ఫిల్టర్లున్నాయి, యంత్రాలున్నాయి. రాయని పేరును తెచ్చిపెట్టే యంత్రం లేదు.

దీన్‌దయాళ్ గారి చివరి రోజులు దుఃఖంతో గడిచాయి. 1904లో కుమారుడు ధరమ్‌చంద్ మరణించారు. మరుసటి ఏడు 1905 జూలై 5న ఆయనే కన్నుమూశారు. స్టూడియో వెంటనే మూతపడలేదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తినప్పుడు కూలిన వంతెనలు, ఇళ్లు ఆ స్టూడియో వారి కెమెరాకు ఎక్కాయి. 1911లో ఆరవ నిజాము కాలం చేశారు. పాత రాజాశ్రయం మునుపటిలా సాగలేదు. కొడాక్ కెమెరాలు వచ్చి ఎవరి ఫోటో వారే తీసుకునే రోజులు మొదలయ్యాయి.

స్టూడియో తగ్గుముఖం పడితే గాజు పలకల గతి ఏమవుతుందో మా వృత్తివారికి తెలుసు. దేశంలో చాలాచోట్ల పాత నెగటివుల మందు గీకివేసి ఆ గాజును ఫ్రేములకు, కిటికీలకు వాడేశారు. ఒక్కొక్క కిటికీలో ఎందరి ముఖాలు పోయాయో! దీన్‌దయాళ్ గారి పలకలకు అన్నింటికీ ఆ గతి పట్టకపోవడం మన అదృష్టం. ఆయన స్టూడియోకు చెందిన 2857 గాజు నెగటివులను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం వారు సేకరించి భద్రపరిచారు. 2010లో వాటితో పెద్ద ప్రదర్శన కూడా జరిపారు. 2006లో తపాలా శాఖవారు ఆయన పేర స్టాంపు విడుదల చేశారు. ఆ కార్యక్రమం హైదరాబాదులోనే జరిగింది. లండనులోను, అమెరికాలోను ఉన్న పెద్ద పెద్ద సంగ్రహాలలో ఆయన ఆల్బములు ఉన్నాయి. పండితులు ఆయన మీద గ్రంథాలు రాశారు. గాజు పలకలో ఒక గొప్పతనం ఉంది. ప్రింటు ఎంత పాలిపోయినా, పలక పగలకుండా, మందు పొరలూడకుండా ఉంటే నూరేళ్ల తరువాత వేసిన ప్రింటు మొదటి ప్రింటుతో సమానంగా, ఒక్కొక్కప్పుడు అంతకంటే నిండుగా వస్తుంది. అంచులు కత్తిరించకుండా పలక మొత్తం ప్రింటు వేస్తే ఆనాడు దాచిన సంగతులు కూడా బయటపడతాయి. తెర చివర, కుర్చీ వెనుక, ఎవరో తెర పట్టుకున్న చెయ్యి. ఆ చెయ్యి ఎవరిదో మళ్లీ ఎవరికీ తెలియదు.

మన విచారణ పెద్దలు ఈ సంచిక కోసం నాకు ఇచ్చిన ఫోటోల్లో దేవాలయం ముందు తీసిన ఒక గ్రూపు ఫోటో ఉంది. ఎడమ అంచు చెదలు తిన్నది, మధ్యలో నీటిమరక. కాపీ తీసి మరక పోగొట్టిన తరువాత పందొమ్మిది ముఖాలు స్పష్టంగా వచ్చాయి. మధ్య కుర్చీలో గురువులు కూర్చుని ఉన్నారు. ఆయన పక్కన ఉపదేశిగారు. వారిద్దరినీ మా పెద్దలు గుర్తుపట్టారు. వెనుక వరుసలో తలపాగాలు చుట్టుకుని, చొక్కాలు లేకుండా నిలబడ్డవారు దేవాలయం కట్టిన కూలీలు, తాపీ పనివారు అంటున్నారు. తలపైని బుట్ట ఇంకా దించని ఒక ఆడమనిషి చివరన ఉంది. వీరిలో ఒక్కరి పేరు కూడా ఫోటో వెనుక రాసి లేదు, తేదీ లేదు. తొంభై దాటిన ఒక అవ్వకు చూపిస్తే, ఒక తలపాగా మీద వేలు పెట్టి మా మామ అంది. ఇంకొకరిని చూసి చాలాసేపు ఆలోచించి, పేరు నోటిదాకా వచ్చి పోయిందని చెప్పింది.

మన దేవాలయాల్లో జ్ఞానస్నానపు రిజిస్టర్లు ఉన్నాయి. వాటిలో పేర్లున్నాయి, తల్లిదండ్రుల పేర్లున్నాయి, తేదీలున్నాయి, జ్ఞానతల్లిదండ్రుల పేర్లు కూడా ఉన్నాయి. ముఖాలు మాత్రం లేవు. ఫోటోల్లో ముఖాలున్నాయి, పేర్లు లేవు. రెండింటినీ కలపగలిగినవారు మన ఇళ్లలోని ముసలివారే. వారిలో చాలామంది ఈ సంచిక అచ్చయ్యేనాటికి ఉంటారో ఉండరో. ఇంట్లో పాత ఫోటో ఉన్నవారు పెద్దవారి దగ్గర కూర్చుని ఎవరెవరో అడిగి, మెత్తని పెన్సిలుతో ఫోటో వెనుక అంచున తేలికగా రాయండి. బాల్‌పెన్ను నొక్కితే అచ్చు ముందువైపు ముఖం మీద పడుతుంది. గట్టిగా తోచకపోతే వేరే కాగితం మీద రాసి కవరులో కలిపి పెట్టండి. అన్నం మెతుకులతో, మైదాపిండితో అట్టకు అంటించవద్దు, పురుగులను పిలిచినట్టే. లామినేషను చేయించవద్దు, చేస్తే మళ్లీ ఊడదీయలేము.

పైన చెప్పిన గ్రూపు ఫోటోను సంచికలో వేయిస్తున్నాము. పక్కనే అదే ఫోటో గీతలతో వేసి, ఒక్కొక్క తల మీద ఒకటి నుంచి పందొమ్మిది వరకు అంకెలు ఇచ్చాము. 7, 8 తప్ప తక్కినవారు ఎవరో ఇంకా రూఢిగా తెలియలేదు. 13వ అంకె పక్కన అవ్వ చెప్పిన వరుస మాత్రం వేసి ప్రశ్నార్థకం ఉంచాము. తెలిసినవారు అంకె, పేరు, ఊరు రాసి ముత్తుకూరు విచారణ గురువుల వద్ద ఇవ్వగలరు.